కబుర్ల చిట్టా: తంతి నుండి కంప్యూటరు వరకు

ఆమదాలవలసలో ఉన్న రైలు స్టేషనుకు రైల్వే వారి పుస్తకాలలో పేరు శ్రీకాకుళం రోడ్డు. శ్రీకాకుళం పట్టణం అక్కడికి దూరంగా, నాగావళి ఒడ్డున ఉన్నది. రైలుమార్గం పట్టణంలోనికి పోలేదు. దొరల కాలంలో శ్రీకాకుళాన్ని చికాకోల్ అనేవారు గనుక ఆ స్టేషను అప్పుడు చికాకోల్ రోడ్డు. పేరు మారి చాలా ఏళ్లు గడచినవి. అయినా టిక్కెట్ల మీద, నేటి కంప్యూటరు తెరల మీద ఆ స్టేషనుకు వాడే సంకేతం మాత్రం సి.హెచ్.ఇ. అనే మూడు ఇంగ్లీషు అక్షరాలే. చికాకోల్ అనే మాట ఊరివారి నోట వినిపించదు. చిట్టాలలో మాత్రం బ్రతికే ఉన్నది.

ఇది ఎవరి మరుపూ కాదు. కబురు ఎక్కడిదో తెలిపే గుర్తు మాటిమాటికి మారితే, నిన్నటి పుస్తకాన్ని నేటి పుస్తకంతో కలిపి చదవడం కష్టమవుతుంది. ఊరిపేరు మనుష్యుల కోసం, సంకేతం చిట్టా కోసం. ఈ రెండింటి అవసరాలూ వేరు.

నేడు బ్యాంకులలోను, రైల్వేలలోను, పెద్ద వర్తక సంస్థలలోను కంప్యూటర్లు అనేక సందర్భాలలో ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోవు. మధ్య ఒక ప్రోగ్రాం ఉంటుంది. దానిని మెసేజ్ బ్రోకర్ అంటారు. తెలుగులో కబుర్ల దళారి అనవచ్చును. మార్కెట్టు యార్డులో దళారి రైతు తెచ్చిన బస్తాలను దించుకొని, వర్తకుడు వచ్చేదాకా భద్రంగా ఉంచి, ఎవరికి చెందినవి వారికి అప్పగిస్తాడు. ఈ ప్రోగ్రాం కూడ అట్లే ఒకరు పంపిన కబురును అందుకొని, వరుసలో నిలిపి, కావలసినవారికి అప్పగిస్తుంది. కమిషను మాత్రం పుచ్చుకోదు. దళారి పనిచేసే యంత్రం సర్వరు; కబురు పంపేవీ, పుచ్చుకొనేవీ క్లయింట్లు.

కబురు దారిలో పోయినదనుకొందాం. పంపినవాడు "పంపినాను" అంటాడు. పుచ్చుకోవలసినవాడు "అందలేదు" అంటాడు. దళారి మాట్లాడదు. అప్పుడు తగవు తీర్చేది చిట్టా ఒక్కటే. కంప్యూటరువారు దానిని లాగ్ అంటారు. ఓడ వేగం కొలవడానికి తాటికి కట్టి సముద్రంలో వేసే చెక్కముక్కకు ఇంగ్లీషులో ఆ పేరు. ఆ వేగాన్ని రాసుకొనే పుస్తకం లాగ్‌బుక్ అయినది. ఒకనాడు కళింగపట్నం రేవుకు వచ్చిన ఓడలలోను అటువంటి పుస్తకాలే ఉండేవి. ఏయే సంగతులు రాయాలి, ఎంత వివరంగా రాయాలి, ఎక్కడ రాయాలి, ఏ గడియారం ప్రకారం రాయాలి అని ముందుగా నిర్ణయించి ప్రోగ్రాంకు చెప్పడమే లాగ్ అమరిక. ఈ ప్రశ్నలు కంప్యూటరుతో పుట్టినవి కావు. తంతివారు, రైలువారు వీటికి వంద ఏళ్లకు ముందే జవాబులు వెతికినారు.

రెండు స్టేషన్లు, రెండు పుస్తకాలు

విలియం ఓషానెస్సీ కృషివల్ల 1850వ దశకంలో కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసు నగరాలు తంతితో కలిసినవి. దూరపు ఊరికి పోయే టెలిగ్రాం ఒకే తీగ మీద పోయేది కాదు. దారిలో ఉన్న పెద్ద ఆఫీసు దానిని కాగితం మీదికి దించుకొని, తిరిగి ముందుకు పంపేది. అంటే ప్రతి నడిమి ఆఫీసూ ఒక దళారియే. ప్రతి టెలిగ్రాం నెత్తిమీద దాని నంబరు, బయలుదేరిన ఆఫీసు, తేదీ, వేళ, మాటల సంఖ్య ఉండేవి. మాటల సంఖ్య కేవలం రుసుము కోసమే అనుకోరాదు. అవతల గుమాస్తా తాను రాసుకొన్న మాటలను లెక్కపెట్టి, సంఖ్య కలియకపోతే మళ్లీ అడిగేవాడు. కంప్యూటర్లు కబురుతో పాటు ఒక సరిచూపు సంఖ్యను పంపుకోవడం ఇటువంటి పనియే. మన దేశంలో ప్రజల టెలిగ్రాం సేవ 2013 జూలైలో ముగిసినది గాని, ఆ నెత్తిరాత నేటి కబుర్లన్నింటి మీదా ఉన్నది.

ఆమదాలవలస మీదుగా పోయే మార్గాన్ని ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరున 1893–1896 మధ్య బెజవాడ నుండి కటకం వైపు వేసినారు. 1902లో దీని ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చినది. 1955లో ఆగ్నేయ రైల్వేలోను, 2003లో తూర్పు కోస్తా రైల్వేలోను చేరినది. యజమానులు మారినారు, స్టేషను మాస్టరు బల్లమీది రిజిస్టరు మాత్రం మారలేదు.

ఆ రిజిస్టరు సంగతి కొంచెం వివరంగా తెలుసుకోవలసి ఉన్నది. ఆమదాలవలసకు ఒకవైపు దూసి, మరొకవైపు ఉర్లాం స్టేషన్లు ఉన్నవి. దూసి నుండి ఒక బండి బయలుదేరవలెనంటే ముందుగా దూసి మాస్టరు ఆమదాలవలస మాస్టరును "లైన్ క్లియర్ ఇస్తారా?" అని అడగాలి. అవతల దారి ఖాళీగా ఉన్నదని తేలిన పిమ్మటనే ఆయన ఇస్తాడు. బండి బయలుదేరినప్పుడు ఇవతలివారు కబురు చేస్తారు. అది పూర్తిగా చేరినప్పుడు అవతలివారు తిరుగు కబురు చేస్తారు. ఆ తిరుగు కబురు రాకుండా ఆ దారిలో రెండవ బండిని విడువరాదు. ఇదే బ్లాక్ పద్ధతి. నేటి మెసేజ్ బ్రోకర్లలో పుచ్చుకొన్న క్లయింటు "అందినది" అని చెప్పేదాకా కబురును వరుసనుండి కొట్టివేయకుండా ఉంచడం ఇటువంటిదే.

ఇందులో ప్రతి మెట్టునూ రెండు స్టేషన్లూ తమ తమ రిజిస్టర్లలో రాసుకొంటాయి. అడిగిన వేళ, ఇచ్చిన వేళ, బండి విడిచిన వేళ, చేరిన వేళ. ఒక స్టేషను రాస్తే చాలదా అని సందేహం రావచ్చును. చాలదు. దూసి పుస్తకం దూసి మాస్టరు ఏమి చెప్పినాడో తెలుపుతుంది గాని, ఆమదాలవలస మాస్టరు ఏమి విన్నాడో తెలుపదు. చెప్పినదానికి, విన్నదానికి ఉన్న తేడాయే ప్రమాదం.

ఆ తేడాను పట్టుకోవడానికే ప్రైవేటు నంబరు అనే ఏర్పాటు వచ్చినది. ప్రతి స్టేషనుకూ వరుసతప్పిన అంకెలు అచ్చువేసిన ఒక కాగితం ఉంటుంది. ముఖ్యమైన కబురును ఒప్పుకొనేటప్పుడు మాస్టరు ఆ కాగితంలోని తరువాతి అంకెను చెప్పి, దానిని కొట్టివేస్తాడు. అవతలివాడు ఆ అంకెను తన పుస్తకంలో రాసుకొంటాడు. అంకెను ముందుగా ఊహించడం అవతలివానికి సాధ్యం కాదు. కాబట్టి రెండు పుస్తకాలలోను ఒకే అంకె ఉన్నదంటే ఆ మాట నిజంగా జరిగినదన్నమాట. 21వ శతాబ్దిలో కంప్యూటరు కబుర్లకు తగిలించే సంబంధ సంఖ్య కూడ ఇటువంటి ఉపయోగానికే. సర్వరు లాగ్‌లో ఒక సంఖ్యను వెతికి, అదే సంఖ్యను క్లయింటు లాగ్‌లో కనుగొంటే కబురు నడిచిన దారి తెలియును.

రిజిస్టరు రాతకు నియమాలు కఠినంగా ఉంటాయి. సిరాతో రాయాలి. సంగతి జరిగిన క్షణాననే రాయాలి. చెరపరాదు, తప్పు రాసినచో అది చదవడానికి వీలుగా ఉండేట్లు ఒక్క గీతతో కొట్టి, సరియైనది పక్కన రాయాలి. మన కరణాలు కవిలెకట్టలలో చేసిన మాయలు ఎరిగినవారికి ఈ నియమం ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. కంప్యూటరు లాగ్ కూడ చివర చేర్చుకొంటూ పోయేదే తప్ప నడుమ దిద్దేది కాదు.

ఇక గడియారం. రెండు పుస్తకాలలోని వేళలు పోల్చవలెనంటే రెండు గడియారాలూ ఒకటిగా నడవాలి. 19వ శతాబ్దిలో మన దేశపు రైళ్లు మద్రాసు నక్షత్రశాల వేళను పాటించినవి. 1906 జనవరి 1 నుండి భారత ప్రామాణిక కాలం వచ్చినది. ప్రతిదినం 16 గంటలకు ప్రధాన స్టేషన్లకు వేళను తెలుపవలెనని రైల్వే సాధారణ నియమాలు విధిస్తున్నవి. ఇంటర్నెట్టులో కంప్యూటర్ల గడియారాలను సరిచూచే ఎన్.టి.పి. అనే ఏర్పాటును డేవిడ్ మిల్స్ 1985లో స్థిరపరచినాడు. నియమం చేసిన పనినే అది నిమిషాలకొకసారి చేస్తున్నది.

గడియారాలు కలియకపోయినా ఒక్క సంగతి మాత్రం తప్పక నిజం: కబురు పంపడం ముందు, అందడం తరువాత. లెస్లీ లాంపోర్ట్ 1978లో ప్రకటించిన ఒక వ్యాసం ఈ చిన్న మాట మీద ఆధారపడి, గడియారాన్ని నమ్మకుండానే సంఘటనల వరుసను నిర్ణయించే పద్ధతి చూపినది. దూసి పుస్తకంలో బండి విడిచిన వేళ 10 గంటల 5 నిమిషాలనీ, ఆమదాలవలస పుస్తకంలో అది చేరిన వేళ 10 గంటల 2 నిమిషాలనీ ఉంటే బండి వెనుకకు నడవలేదు. గడియారాలలో ఏదో ఒకటి తప్పు. రెండు పుస్తకాలు లేకపోతే ఆ తప్పు కూడ తెలియదు.

రాసే పనిలో మరచిన బండి

పుస్తకం సరిగా రాసినంత మాత్రాన క్షేమమని చెప్పలేము. ఎప్పుడు రాసినారన్నది అంతకంటె ముఖ్యం. దీనికి గొప్ప దృష్టాంతం మన దేశంలోది కాదు. స్కాట్లండులో క్వింటిన్స్‌హిల్ అనేచోట 1915 మే 22న జరిగినది. అక్కడి సిగ్నలు గదిలో ఉదయం 6 గంటలకు ఒకరు దిగి మరొకరు ఎక్కాలి. వారిద్దరూ లోపాయకారిగా అరగంట ఆలస్యంగా మారడం అలవాటు చేసుకొన్నారు. ఈ సంగతి పైవారికి తెలియకుండా ఉండడానికి, 6 గంటల తరువాత జరిగిన బండ్ల రాకపోకలను రాత్రి మనిషి ఒక విడి కాగితం మీద రాసిపెట్టేవాడు. పగటి మనిషి వచ్చి వాటిని తన దస్తూరితో రిజిస్టరులోనికి ఎత్తి రాసేవాడు.

ఆనాడు పగటి మనిషి ఒక లోకల్ బండిలోనే వచ్చినాడు. ఆ బండిని అవతలి దిక్కుకు పోయే పట్టాల మీదికి మార్చి, కిటికీ ఎదుటనే నిలిపినారు. అతడు కాగితం చూచి రిజిస్టరు నింపడంలో మునిగి, తనను తెచ్చిన బండి అక్కడ ఉన్న సంగతే మరచి, సైనికుల బండికి దారి ఇచ్చినాడు. ఆ బండి వచ్చి నిలిచి ఉన్న బండిని గుద్దుకొన్నది. ఒక్క నిమిషం కాగానే మరొక ఎక్స్‌ప్రెస్ వచ్చి ఆ శిథిలాల మీద పడినది. కొయ్య పెట్టెలు, గ్యాసు దీపాలు గనుక మంటలు లేచినవి. 220 మందికి పైగా మరణించినారు. అందులో ఎక్కువమంది యుద్ధానికి పోతున్న రాయల్ స్కాట్స్ సైనికులు. సిగ్నలు మీటల మీద తొడిగి దారి మూసి ఉన్నదని జ్ఞాపకం చేసే ఇనుప పట్టీలను వారు వాడలేదనికూడ విచారణలో తేలినది.

చూడటానికి ఆ రిజిస్టరులో లోపం కనిపించదు. అంకెలు సరియైనవే, దస్తూరీ ఒకటే. కాని అది ఎవరు ఎప్పుడు చూచినదో చెప్పే పుస్తకం కాదు, చూచినట్లు కనిపించడానికి రాసిన పుస్తకం. కంప్యూటరులో కూడ లాగ్ వరుసలను పోగుచేసి, వీలైనప్పుడు ఒక్కసారిగా డిస్కు మీదికి దించే ఏర్పాటు ఉన్నది. పని త్వరగా జరుగుతుంది. కాని నడుమ యంత్రం ఆగిపోతే చివరి వరుసలు, అంటే ఎందుకు ఆగినదో చెప్పే వరుసలే, పోతాయి. లాగ్ అమర్చేవారు వేగానికీ నమ్మకానికీ మధ్య ఎంచుకోవలసినది ఇక్కడే.

దళారి చేతికి వచ్చిన టిక్కెట్లు

తెలుగునాట కబుర్ల దళారి పెద్ద ఎత్తున పనిచేసిన తొలి సందర్భాలలో రైల్వే టిక్కెట్ల రిజర్వేషను ఒకటి. ఒకప్పుడు ఒక కౌంటరులో ఆ ఊరి నుండి బయలుదేరే బండికి తప్ప మరొక ఊరి బండికి సీటు కావాలంటే కబురు పంపి కాచుకోవలసి వచ్చేది. రైల్వేల కంప్యూటరు సంస్థ క్రిస్ 1986లో ఏర్పడినది. అది తయారుచేసిన కాన్సర్ట్ అనే ఏర్పాటు 1994లో సికింద్రాబాదులో మొదలయినది. 1999 నాటికి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదు కేంద్రాలు ఐదింటినీ కలిపినది. శ్రీకాకుళం రోడ్డువంటి స్టేషనులో కూర్చున్న గుమాస్తా ఏ కేంద్రం లెక్కలో ఉన్న బండికైనా టిక్కెట్టు కొట్టగలిగినాడు.

ఈ ఏర్పాటుకు నడిమి కబుర్లను నడిపినది డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారి రిలయబుల్ ట్రాన్సాక్షన్ రౌటర్. కౌంటరు అడిగిన సీటు కోరికను అది తగిన కేంద్రానికి చేర్చి, జవాబు తెచ్చి ఇస్తుంది. నడుమ తీగ తెగితే ఏమగును? సీటు ఇచ్చినట్లు కేంద్రం రాసుకొని, డబ్బు పుచ్చుకొన్న మనిషికి టిక్కెట్టు రాకపోతే అది చిన్న తగవు కాదు. అందుకని ఆ రౌటరు నడుస్తున్న ప్రతి వ్యవహారాన్నీ ఒక జర్నలులో రాసుకొని, లేచిన తరువాత అక్కడి నుండి పూర్తిచేస్తుంది.

ఇక్కడ రెండు రకాల చిట్టాలను వేరుచేసి చూడవలసి ఉన్నది. చాలామంది కొత్తవారు తికమకపడేది దీనివల్లనే. జర్నలు యంత్రం తన కోసం తాను రాసుకొనేది. దానిని చెరిపితే కబుర్లే పోతాయి. లాగ్ మనిషి చదవడానికి రాసేది. దానిని చెరిపితే కబుర్లు పోవు, వాటి చరిత్ర పోతుంది. 2011లో లింక్డిన్ సంస్థ బయటపెట్టిన కాఫ్కా అనే దళారిలో కబుర్లను దాచే వరుసనే లాగ్ అంటారు. మనిషి చదివే లాగ్ వేరే ఉంటుంది. ఒకే పేరు చూచి, డిస్కు నిండినదని తొందరపడి మొదటిదానిని తుడిచివేస్తే కలిగే నష్టం ఊహించుకోవచ్చును.

మనిషి చదివే లాగ్‌కు మెట్లు కట్టినది కూడ కబుర్ల పనివారే. 1980వ దశకం ఆరంభంలో బర్కిలీలో ఎరిక్ ఆల్మన్ అనే ఆయన సెండ్‌మెయిల్ అనే ఉత్తరాల ప్రోగ్రాం రాస్తూ, దాని చిట్టా కోసం సిస్‌లాగ్ అనే ఏర్పాటు చేసినాడు. అందులో సంగతులకు ఎనిమిది తరగతులున్నవి. పైన అత్యవసరం, దిగువన తప్పు, హెచ్చరిక, గమనిక, సమాచారం, అన్నింటికీ అడుగున దోషాన్వేషణ. నేటి దళారులు ఈ నిచ్చెననే కొద్ది మార్పులతో వాడుకొంటున్నవి.

2003లో జె.పి. మోర్గన్ చేజ్ బ్యాంకులో జాన్ ఒహారా మొదలుపెట్టిన ఎ.ఎం.క్యూ.పి. అనే ఒప్పందం దళారులన్నింటికీ ఒకే భాష నేర్పడానికి వచ్చినది. ఆ భాష మాట్లాడే వాటిలో అపాచీ క్యూపిడ్ ఒకటి, 2007లో వచ్చిన రాబిట్‌ఎంక్యూ మరొకటి. క్యూపిడ్ సి++ దళారిని ఉదాహరణగా తీసుకొంటే అమరిక సులభంగా బోధపడుతుంది. సర్వరును ప్రారంభించేటప్పుడు లాగ్-ఎనేబుల్ అనే ఆదేశంతో మెట్టును చెబుతారు. ఏమీ చెప్పకపోతే గమనిక మెట్టును, దానిపై వాటిని రాస్తుంది. మెట్టు పేరు పక్కన కూడిక గుర్తు ఉంటే "ఇది, దీనిపైన ఉన్నవన్నీ" అని అర్థం. ప్రోగ్రాంలో ఒక భాగం పేరు కూడ చేర్చి, ఆ భాగం మాత్రమే వివరంగా రాసేట్లు చేయవచ్చును. రాత తెర మీదికా, ఫైలులోనికా, సిస్‌లాగ్‌కా అన్నది వేరే ఆదేశాలు నిర్ణయిస్తాయి.

ఇదంతా సర్వరుకు. క్లయింటు వేరొక యంత్రంలో, వేరొకరి ప్రోగ్రాంలో అంతర్భాగంగా నడుస్తుంది. దాని ప్రారంభ ఆదేశాలు మన చేతిలో ఉండవు. అందుకే క్యూపిడ్ సి++ క్లయింటు తన లాగ్ మెట్టును క్యూపిడ్-లాగ్-ఎనేబుల్ అనే పరిసర విలువ నుండి చదువుకొంటుంది. దానిని అమర్చవలసినవాడు ఆ యంత్రం యజమాని. చాలాచోట్ల ఇక్కడే పని చెడుతున్నది. సర్వరును చూచేవారు తమ లాగ్‌ను చక్కగా అమర్చుకొంటారు. క్లయింటు సంగతి ఎవరికీ పట్టదు. దూసిలో పుస్తకం ఉన్నది, ఆమదాలవలసలో లేదు.

దాని ఫలితం ఎట్లుంటుందో రాబిట్‌ఎంక్యూలో చూడవచ్చును. ఒక క్లయింటు చెప్పకుండా మాయమయితే సర్వరు లాగ్‌లో "క్లయింటు అనుకోకుండా సంబంధం తెంచుకొన్నది" అని ఒక హెచ్చరిక ఉంటుంది. ఎందుకు తెంచుకొన్నదో సర్వరుకు తెలియదు. ప్రోగ్రాం కూలినదా, నడుమ తీగ తెగినదా, ఎవరైనా యంత్రాన్ని ఆపినారా అన్నది క్లయింటు చిట్టాయే చెప్పాలి. దీనికి తిరుగు సందర్భం కూడ ఉన్నది. ఏ వరుసకూ చెందని చిరునామాతో వచ్చిన కబురును ఆ దళారి మామూలుగా చప్పుడు చేయకుండా వదలివేస్తుంది. తప్పనిసరి అనే గుర్తు పెట్టి పంపితేనే తిప్పి పంపుతుంది. నిర్ధారణ అడిగితేనే అందినదని చెబుతుంది. తిరిగి వచ్చినదానిని క్లయింటు రాసుకోకపోతే, ఆ కబురు పుట్టినట్లు కూడ లోకంలో ఎక్కడా గుర్తు మిగలదు.

ఎంత రాయాలి

అన్నీ రాస్తే పోలేదా అనవచ్చును. అట్లు రాసినవారు త్వరలోనే పశ్చాత్తాపపడతారు. అడుగు మెట్టున అమర్చిన లాగ్ ఒక్కొక్క కబురుకు అనేక వరుసలు రాస్తుంది. కబురుకంటె దాని కథ పెద్దదవుతుంది. దళారి నెమ్మదిస్తుంది, డిస్కు నిండుతుంది. రాబిట్‌ఎంక్యూ డిస్కులో ఖాళీ ఒక హద్దుకంటె తగ్గగానే, మామూలు అమరికలో 50 మెగాబైట్లు, పంపేవారి నుండి కబుర్లు తీసుకోవడమే ఆపివేస్తుంది. లాగ్ కూడ అదే డిస్కు మీద ఉంటే, కబుర్లు పోకుండా కాపాడటానికి పెట్టిన చిట్టాయే కబుర్లను ఆపినదన్నమాట. అందుచేత లాగ్‌కు వేరే చోటు చూపి, నిండిన ఫైలును మూసి కొత్తది తెరిచి, పాతవాటిని గడువు తీరగానే తొలగించే ఏర్పాటు చేస్తారు. మామూలు రోజులలో సమాచారం మెట్టు, జబ్బు పట్టినప్పుడు కొద్దిసేపు ఒక భాగానికి మాత్రమే దోషాన్వేషణ మెట్టు అనేది అనుభవజ్ఞుల పద్ధతి.

రాయకూడనివి కూడ ఉన్నవి. 1885 నాటి భారత తంతి చట్టం ప్రకారం టెలిగ్రాంలోని సంగతిని ఉద్యోగి బయటపెట్టడం నేరంగా ఉండేది. గుమాస్తా నంబరు, వేళ, మాటల సంఖ్య రాసుకొనేవాడు. ఎవరికి పెళ్లి కుదిరినదో, ఎవరు చనిపోయినారో ఊరికి చెప్పకూడదు. కంప్యూటరు దళారి లాగ్‌లో కబురు పొట్టను, అందులోని రహస్యపదాలను రాయరాదన్నది అదే మర్యాద. దోషాన్వేషణ మెట్టులో ఈ మర్యాద సులభంగా తప్పుతుంది. లాగ్ ఫైళ్లను మూల కబుర్లంత జాగ్రత్తగా ఎవరూ తాళం వేయరు గదా!

2021 డిసెంబరులో ఇంతకంటె వింత బయటపడినది. జావా భాషలో రాసిన ప్రోగ్రాములు, అనేక దళారులు, వాటి క్లయింట్లు కూడ, లాగ్ రాయడానికి లాగ్‌ఫోర్‌జె అనే ఉపకరణాన్ని వాడుతున్నవి. దాని రెండవ తరం రాయవలసిన మాటలలో ఒక ప్రత్యేక గుర్తు కనిపిస్తే, ఆ మాటలను రాసి ఊరుకోక, వాటిని ఆజ్ఞగా తీసుకొని బయటి యంత్రం నుండి ప్రోగ్రాం తెచ్చి నడిపేది. స్టేషను గుమాస్తా వచ్చిన కబురును రిజిస్టరులో ఎక్కిస్తూ, అందులో "ఖజానా తెరువుము" అని ఉంటే లేచిపోయి ఖజానా తెరిచినట్లు! ఎవరైనా ఒక కబురు పంపితే చాలు, దానిని సర్వరు చిట్టా రాసుకొంటే చాలు. ప్రపంచమంతటా యంత్రాల కాపరులు ఆ నెలంతా నిద్రమాని దిద్దుబాట్లు చేసినారు.

తీగ చెప్పినది, పట్టా చెప్పినది

రైలు స్టేషన్లలో ఇప్పుడు రిజిస్టరుతో పాటు డేటాలాగర్ అనే పెట్టె ఉంటున్నది. ప్రతి రిలే ఎప్పుడు లేచినదో, ఎప్పుడు పడినదో, ఏ సిగ్నలు ఎప్పుడు రంగు మారినదో అది క్షణంతో సహా రాస్తుంది. మనిషి దస్తూరీ లేదు, విడి కాగితం లేదు. క్వింటిన్స్‌హిల్ మాయ ఇక్కడ సాగదు.

అయినా దానికీ ఒక హద్దు ఉన్నది. ఆమదాలవలస మీదుగా పోయే ఈ హౌరా–మద్రాసు మార్గం మీదనే, ఒడిశాలో బాలాసోరు దగ్గర బహనగా బజారు స్టేషనులో 2023 జూన్ 2న కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు ప్రధాన మార్గం మీద పచ్చ సిగ్నలు వచ్చినది. పట్టాలు మాత్రం పక్క లూపు దారికి తిరిగి ఉన్నవి. బండి అక్కడ నిలిచిన గూడ్సును గుద్దుకొన్నది. దొర్లిన పెట్టెలకు ఎదురు వస్తున్న బెంగుళూరు–హౌరా బండి తగిలినది. 290 మందికి పైగా మరణించినారు. లెవెల్ క్రాసింగు గేటు పనిలోను, అంతకుముందు జరిగిన సిగ్నలు తీగల మార్పులోను దొర్లిన లోపాలు కారణమని రైల్వే భద్రతా కమిషనరు నివేదిక తేల్చినది. డేటాలాగర్ నమోదులు విచారణలో ముఖ్య సాక్ష్యాలయినవి. కాని డేటాలాగర్ రాసేది రిలే స్థితిని. పట్టాను అది కన్నులతో చూడదు. తీగ తప్పుచోట కలిపితే అది ఆ తప్పునే నిజాయితీగా రాస్తుంది. కబుర్ల దళారి కూడ "అందినది" అన్న జవాబునే రాయగలదు. క్లయింటు కబురును చదవకముందే ఆ జవాబు చెప్పే అలవాటు చేసుకొంటే, సర్వరు లాగ్ అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

అదే సంవత్సరం అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లాలో కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య, విశాఖపట్నం నుండి పలాస పోతున్న పాసింజరును వెనుకనుండి రాయగడ పాసింజరు గుద్దుకొని 14 మంది మరణించినారు. అది ఆటోమేటిక్ సిగ్నళ్లున్న దారి. అటువంటి దారిలో ఎర్ర సిగ్నలు దగ్గర రాత్రివేళ రెండు నిమిషాలు ఆగి, ఆ తరువాత బహు నెమ్మదిగా మాత్రమే ముందుకు పోవచ్చును. వెనుక బండి చెడిపోయిన రెండు సిగ్నళ్లను నియమం తప్పి దాటినదని తొలి విచారణ బృందం అభిప్రాయపడినది. ఆ ఇంజను డ్రైవరు ప్రమాదంలోనే మరణించినాడు. ఆయన ఏమి చూచినాడో, ఎక్కడ ఆగినాడో ఆయన నోట వినే అవకాశం ఇక లేదు.

ఇటువంటిచోట సిగ్నలు నమోదు ఏ క్షణాన ఏ రంగు ఉన్నదో చెబుతుంది. ఇంజనులోని వేగ నమోదు బండి ఎక్కడ ఆగినదో, ఆగనేలేదో చెబుతుంది. స్టేషను మాస్టరు రిజిస్టరు డ్రైవరుకు ఏ కాగితం ఏ వేళకు ఇచ్చినారో చెబుతుంది. మూడూ మూడు చోట్ల, మూడు గడియారాలతో రాసినవి. సిగ్నలు ఒక్కటే చూచినవాడు డ్రైవరును తప్పుపట్టవచ్చును. రిజిస్టరు ఒక్కటే చూచినవాడు స్టేషనును తప్పుపట్టవచ్చును. విచారణాధికారి చేయవలసిన మొదటి పని ఆ మూడింటి గడియారాల మధ్య తేడా ఎన్ని క్షణాలో కనుగొని, వరుసలను ఒకే కాగితం మీద పక్కపక్కన పేర్చడం.